స్విఫ్ట్‌కి స్టెప్నీ ఏది తీసుకోవాలి, తిరుపతి చుట్టుపక్కల ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2019 స్విఫ్ట్. కింద 15 అంగుళాల అల్లాయ్‌లు, 185/65 ఆర్15 టైర్లు (185 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం గోడ ఎత్తు, 15 అంగుళాల చక్రం). డిక్కీ మ్యాట్ ఎత్తితే గుంత ఖాళీ. ఐదో అల్లాయ్ కొనాలా, స్టీలు డిస్కు (టైరు తొడిగే ఇనుప చక్రం) సరిపోతుందా, తిరుపతిలోనే దొరుకుతుందా?

ఐదో అల్లాయ్ కోసం తిరగొద్దు. కింది వేరియంట్లకు వచ్చే 14 అంగుళాల స్టీలు డిస్కు, దాని మీద 165/80 ఆర్14 టైరు తీసుకోండి. సైజు వేరు కదా అనుకోకండి, లెక్క కట్టి చూడండి. 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 621.5 మి.మీ., 165/80 ఆర్14ది 619.6. తేడా రెండు మి.మీ. కూడా లేదు. మిగతా టైర్లు అరిగిన తేడాయే అంతకంటే ఎక్కువుంటుంది, కాబట్టి ఏబీఎస్‌కీ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) స్పీడోమీటర్‌కీ ఇబ్బంది లేదు. పైగా టైరు 20 మి.మీ. సన్నం. గుంతలో చక్కగా కూర్చుంటుంది, పట్టి ఉంచే మధ్య బోల్టూ అందుతుంది. వెడల్పు అల్లాయ్ పెడితే ఒక్కోసారి ఆ బోల్టు అందదు, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ వెనక దడదడమంటుంది.

డిస్కు విషయంలో "నాలుగు నట్లు పడతాయి సార్" అనే మాట నమ్మొద్దు. స్విఫ్ట్‌కి బోల్టుల వలయం 4×100, అంటే 100 మి.మీ. వలయం మీద నాలుగు బోల్టులు. హబ్ (వీల్ బిగించే ఇరుసు కొస) కూర్చునే మధ్య రంధ్రం 54.1 మి.మీ. పాత హోండా సిటీ, జాజ్ డిస్కులూ 4×100నే, నట్లు హాయిగా పడతాయి. కానీ మధ్య రంధ్రం 56.1. ఆ రెండు మి.మీ. సందు వల్ల వీల్ హబ్ మీద ఆనదు, బిగించేటప్పుడు కాస్త పక్కకి జరిగినా స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ (బిగించే ముఖం డిస్కు నడిమికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) కూడా డిస్కు మీదే గుద్ది ఉంటుంది, ఈటీ అక్షరాల పక్కన అంకె. అది మారితే వీల్ లోపలికో బయటికో జరుగుతుంది. అందుకే స్విఫ్ట్‌కి స్విఫ్ట్ డిస్కే అడగండి.

ఎక్కడ అంటే, ముందు ఊళ్లో అల్లాయ్‌లు అమ్మే షాపులు. కొత్త బండి తీసుకున్న వారానికే అల్లాయ్‌లు వేయించుకుని కంపెనీ డిస్కులు అక్కడే వదిలేసేవాళ్లు ఉంటారు. సరుకు దాదాపు కొత్తది, నా లెక్కలో ఇంతకు మించిన బేరం లేదు. అక్కడ లేకపోతే మారుతి స్పేర్ పార్ట్స్ కౌంటర్లో ఛాసిస్ నంబర్ చెప్పి ఆర్డర్ పెట్టండి. మద్రాసులో ఎగ్మూరు పక్కన పుదుప్పేట ఉంది, ఏ బండి సామానైనా దొరుకుతుంది. కానీ ఒక్క డిస్కు కోసం పుత్తూరు, నగరి మీదుగా పోయి రావడం దండగ, వేరే పని మీద వెళ్తే చూడండి.

పాత డిస్కు మీద నల్ల పెయింటు నిగనిగలాడుతుంటే ముందు దాన్నే అనుమానించండి. వెల్డింగ్ మచ్చ, సుత్తి దెబ్బ దాని కిందే దాక్కుంటాయి. టైరు ఎక్కించక ముందు బ్యాలెన్సింగ్ మెషిన్ మీద ఖాళీ డిస్కు తిప్పించి, అంచుకి ఆనీ ఆనకుండా సుద్దముక్క పట్టుకోమనండి. చుట్టూ సమానంగా గీత పడితే మంచిదే. ఒకచోటే తగిలి మిగతా అంతా తగలకపోతే డిస్కు వంగింది. సందు ఒక మి.మీ. దాటితే వదిలేయండి. నట్టు కూర్చునే చోట రంధ్రం కోలగా అరిగినా వద్దు. అక్కడ పెయింటు మందంగా ఉంటే గీకించండి, లేదంటే నాలుగు రోజులకి ఆ పెయింటు నలిగి నట్టు వదులవుతుంది.

టైరు గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. టైరు మీది గాడులు లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటింది తీసుకోకండి. మన ఎండలకి రబ్బరు గట్టిపడి, గాడి అడుగున సన్నటి పగుళ్లు వస్తాయి. సైజు పక్కన ఉండే బరువు అంకె 85కి తగ్గకూడదు, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు. వాల్వు మాత్రం కొత్తదే వేయించండి, పాతది బీట్లిచ్చి గాలి దిగుతుంది.

ఇంకో చిక్కు నట్లతో. మీ అల్లాయ్‌లు బయట వేయించినవైతే నట్లు వేరే రకం కావచ్చు, స్టీలు డిస్కుకి సరిగ్గా కూర్చోవు. ఇంటి దగ్గరే ఒకసారి వెనక వీల్ విప్పి స్టెప్నీ బిగించి చూడండి. నట్టు చేత్తోనే తొమ్మిది పది చుట్లు తిరగాలి, ఏటవాలు ముఖం రంధ్రంలో పూర్తిగా ఆనాలి. అలా లేకపోతే మారుతి నట్లు నాలుగు కొని జాకీతో పాటే పెట్టుకోండి. లాక్ నట్టు (దొంగలు విప్పకుండా వేసే, ప్రత్యేక కీతోనే తిరిగే నట్టు) ఉంటే దాని కీ అమ్మినాయన ఇచ్చాడో లేదో ఇప్పుడే చూసుకోండి. కొండకి పోయే దోవలో పంక్చరయ్యాక గ్లవ్ బాక్సులో వెతికితే లాభం లేదు.

స్టెప్నీలో మామూలు కంటే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువే కొట్టించండి. నెలకోసారి గాలి చూపించేటప్పుడు డిక్కీ కూడా తెరవండి. వీల్ మార్చి బిగించాక 50 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ ఒకసారి ఎదురెదురుగా బిగించండి.