లూక్ కీక్లీ 28 ఏళ్లకే అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి ఎందుకు తప్పుకున్నారు?

తలకు పదేపదే తగిలిన దెబ్బలే ఇందుకు ప్రధాన కారణమని చెప్పవచ్చు. బోస్టన్ కాలేజీలో ఆడిన కీక్లీని 2012 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) కరోలినా పాంథర్స్ జట్టు 9వ ఎంపికగా తీసుకోగా, తొలి ఏడాదే ఆయన ఉత్తమ నూతన డిఫెన్స్ ఆటగాడిగా, మరుసటి ఏడాది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తంలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా ఎంపికయ్యారు. డిఫెన్స్‌లో ముందు వరుసకు వెనుక నిలబడి, పరుగెత్తే ఆటగాణ్ణి పడగొట్టడం, పాస్‌ను అడ్డుకోవడం ఆయన ఆడిన లైన్‌బ్యాకర్ స్థానం పని; అయితే కీక్లీ అసలు బలం, ప్రత్యర్థులు నిలబడిన తీరును బట్టే రాబోయే ఎత్తును పసిగట్టి, బంతి కదలకముందే సహచరులను హెచ్చరించడం. (నా దృష్టిలో ఆయన టాకిళ్ల, అంటే ప్రత్యర్థులను పడగొట్టిన సార్ల, లెక్క కన్నా ఇదే గొప్పది.)

2015, 2016, 2017 సీజన్లలో వరుసగా కంకషన్ (తలకు దెబ్బతో మెదడు అదిరే గాయం) లక్షణాలతో ఆయన కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యారు. 2016లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌తో ఆడుతూ గాయపడి, కన్నీళ్లతో బండిపై మైదానం వీడిన దృశ్యం అభిమానులను కలచివేసింది. ఎనిమిది సీజన్లలో లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ ఎంపికలు ఏడు పొంది, ఫామ్‌లో ఉండగానే 2020 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించారు. వేగంగా, బలంగా, దూకుడుగా ఆడటమే తనకు తెలిసిన పద్ధతి అనీ, ఇకపై అలా ఆడగలనన్న నమ్మకం లేదనీ ఆయన అప్పుడు వివరించారు.