గొంతులు వినిపిస్తున్నాయనే పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి? (సమాధానం)

చెల్లీ, "గొంతులేమీ లేవు, అంతా మీ భ్రమ అన్నాను, పేషెంట్ మొహం తిప్పేసుకున్నాడు, ఇప్పుడు దగ్గరికెళ్లాలంటే టెన్షన్" అని రాశావు కదా. సైకియాట్రీ పోస్టింగ్‌లో మొదటి వారం చాలామంది చేసే పొరపాటే, నేనూ చేశాను. ఆయనకు ఆ గొంతు నీ మాట వినిపించినంత స్పష్టంగా వినిపిస్తుంది, కాబట్టి వాదించకు, అలాగని అవునవునని తలూపకు కూడా. "నాకైతే వినిపించడం లేదండీ, మీకు వినిపిస్తోందని అర్థమవుతోంది, భయంగా ఉందా?" అని అడిగి కాసేపు ఊరుకో. మనవాళ్లకి ఆ ఊరుకోవడమే రాదు!

తర్వాత ఆ గొంతు ఏం చెబుతోందో తప్పకుండా అడుగు. చచ్చిపొమ్మనో, ఎవర్నైనా కొట్టమనో చెబుతుంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే స్టాఫ్ సిస్టర్‌ని పిలిపించు, ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు నోట్స్‌లో రాయి. కూర్చునేటప్పుడు తలుపు వైపు నువ్వుండు.

ఇంకోటి, హాలోపెరిడాల్ (ఇలా గొంతులు వినిపించేవాళ్లకి ఇచ్చే మందు) మొదలుపెట్టిన కొత్తలో మెడ ఒక పక్కకి లాక్కుపోయినా, కళ్లు పైకి నిలిచిపోయినా నాటకమనుకోవద్దు, అది డిస్టోనియా (ఆ మందు వల్ల కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం) కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పు, ఇంజెక్షన్‌తో సాధారణంగా కాసేపట్లో సర్దుకుంటుంది.

రేపు వెళ్లగానే పేరు పెట్టి పలకరించి, "నిన్న మీ మాట పూర్తిగా వినలేదండీ" అను.