మీ ప్రశ్నలు – మా జవాబులు: హైదరాబాద్ వస్తున్నారా, ముందు ఏ పక్కకో చెప్పండి

సెలవులు దగ్గర పడ్డాయి కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ గురించే. వంటలు, జుట్టు రాలడం, అత్తాకోడళ్ళ సంగతులు వచ్చే సంచికలో చూద్దాం, ఈ పేజీ మొత్తం ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి.

శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో ట్రైన్ దిగుతాం, ఆదివారం రాత్రి మళ్ళీ ట్రైన్. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, జూ పార్క్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిల్మ్ సిటీ, కేబుల్ బ్రిడ్జి, చిలుకూరు బాలాజీ... ఇవన్నీ కవర్ అయ్యేలా ఒక ఆర్డర్ రాసివ్వగలరా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

ఆర్డర్ రాసివ్వడానికి నాకేం, రాసిస్తాను, కానీ అలా తిరిగితే మీ పిల్లలకి గుర్తుండేది కారు కిటికీ ఒక్కటే. రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక ఉంటుంది, చిలుకూరేమో ఊరికి సరిగ్గా అవతలి కొసన గండిపేట పక్కన, ఈ రెండూ ఒకే రోజు పెట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ఏదీ సరిగ్గా చూడలేదు. రామోజీకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక రోజు మొత్తం కావాలి, టికెట్టు కూడా తక్కువేం కాదు, కాబట్టి ఈ ట్రిప్‌లో దాన్ని తీసేయండి. జూ కూడా తీసేయండి, పిల్లలు మరీ గొడవ చేస్తే తప్ప.

శనివారం పాతబస్తీ పెట్టుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌కి రెండు మెట్రో స్టేషన్లున్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళు తికమక పడేది ఇక్కడే. సికింద్రాబాద్ ఈస్ట్ ఎక్కితే బ్లూ లైన్, అది అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీ వైపు పోతుంది, సికింద్రాబాద్ వెస్ట్ ఎక్కితే గ్రీన్ లైన్, అది తిన్నగా పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్‌లో దింపుతుంది. మీకు కావాల్సింది వెస్ట్. అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే, ఆటోలో అయితే కూర్చున్నంతసేపు కూడా పట్టదు. పదింటికి తెరుస్తారు, తెరవగానే లోపలికి వెళ్ళిపోండి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర కాసేపు ఆగండి, రాయిని చెక్కి మొహం మీద పల్చటి గుడ్డ కప్పినట్టు ఎలా చేశాడా అని పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. అలాగే గంటల గడియారం. గంట గంటకీ లోపల్నుంచి చిన్న గడ్డం మనిషి బయటికి వచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు, అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు పన్నెండింటికే కాబట్టి దాని ముందు జనం పావుగంట ముందు నుంచే కూర్చుంటారు, మీరు కూడా పదకొండున్నర దాటగానే చోటు చూసుకోండి. తర్వాత భోజనం, చౌమహల్లా ప్యాలెస్, ఎండ తగ్గాక చార్మినార్. 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని స్కూల్లో చదువుకున్నదే, చదివినప్పుడు అర్థం కానిదేంటంటే అది ఒక బజారు నడిబొడ్డున నిలబడి ఉంటుందని, నాలుగు పక్కలా నాలుగు రోడ్లు, పూలవాళ్ళు, అత్తరువాళ్ళు, ఇరానీ చాయ్.

ఆదివారం గోల్కొండ, పొద్దున్నే, ఎండెక్కకముందే. తర్వాత పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు, ఓపిక మిగిలితే చీకటి పడేవేళకి కేబుల్ బ్రిడ్జి లైట్లు. లేకపోతే ట్యాంక్‌బండ్, అదైతే సికింద్రాబాద్ స్టేషన్‌కి దారిలోనే పడుతుంది కాబట్టి ట్రైన్ భయం ఉండదు. అంతే సార్, ఒక రోజుకి ఒక పక్క. గోల్కొండ నుంచి చార్మినార్, చార్మినార్ నుంచి హైటెక్ సిటీ, అక్కణ్ణుంచి మళ్ళీ ట్యాంక్‌బండ్ అని ఎగిరితే ట్రాఫిక్‌లోనే సాయంత్రం అయిపోతుంది.

ఇంకో ముక్క, మీరు శనివారం వస్తున్నారు కాబట్టి బతికిపోయారు. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ శుక్రవారం సెలవు. జూ అయితే సోమవారం.

అక్కా, మేం విజయవాడ నుంచి బస్సులో వస్తాం, అమీర్‌పేటలో మా చెల్లి ఉంటుంది. హైదరాబాద్‌లో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అంటున్నారు, మాకూ వర్తిస్తుందా? పోయినసారి బస్టాండ్ బయట ఆటో అతను అమీర్‌పేటకి ఐదొందలు చెప్పి చివరికి నాలుగొందలు తీసుకున్నాడు, ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

న్యాయం కాదమ్మా, కానీ నాలుగొందలు ఇచ్చేశారు కదా, ఇంక వదిలేయండి.

ఫ్రీ బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది, అయితే అది తెలంగాణ ఆడవాళ్ళకి. కండక్టర్ ఆధార్ అడుగుతుంది, అందులో తెలంగాణ అడ్రస్ ఉంటే జీరో టికెట్ కొడుతుంది, లేకపోతే మామూలు టికెట్టే. మీ చెల్లెలు ఇక్కడికి వచ్చాక ఆధార్ మార్పించుకుని ఉంటే ఆవిడకి ఫ్రీ, పక్కన కూర్చున్న మీకు టికెట్, ఇద్దరూ గొడవ పడకండి.

అసలు మీరు ఎంజీబీఎస్ దాకా రావడమే ఎందుకు? విజయవాడ బస్సులు ఎక్కువ భాగం ఎల్‌బీ నగర్ మీదుగానే వస్తాయి. అక్కడ దింపమని డ్రైవర్‌కి ముందే చెప్పి పెట్టుకుని, దిగి మెట్రో ఎక్కేయండి. రెడ్ లైన్ అక్కడే మొదలు, సీటు కూడా దొరుకుతుంది, మారే పని లేకుండా నేరుగా అమీర్‌పేట. అదే హైటెక్ సిటీ వెళ్ళేవాళ్ళయితే అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌లోకి మారాలి, ఆఫీసు టైంలో అక్కడ మెట్ల మీద జనాన్ని చూస్తే జాతర అనుకుంటారు, పెద్ద సూట్‌కేసులతో పొద్దున తొమ్మిది, పది మధ్య మాత్రం ఆ మెట్లెక్కకండి. రాత్రి బస్సులో తెల్లవారకముందే దిగితే మెట్రో ఇంకా మొదలై ఉండదు, అప్పుడు యాప్‌లో క్యాబో ఆటోనో బుక్ చేసుకోండి, బుక్ చేసేముందు బస్టాండ్ గేటు బయటికి వచ్చేయండి, లోపల పికప్ పెడితే అతనొక గేటు దగ్గర, మీరొక గేటు దగ్గర, ఫోన్‌లో "ఎక్కడున్నారండీ" అని పది నిమిషాలు.

బయట ఆటో మాట్లాడుకోవాల్సి వస్తే రేటు ముందే తేల్చుకోండి, "ఎంతో కొంత ఇవ్వండమ్మా" అన్నవాడి ఆటో అసలు ఎక్కొద్దు. చెప్పినవాడితోనైనా బేరం ఉంటుంది, ఎంతో కొంత అన్నవాడితో దిగాక గొడవే.

ఎంతో పేరున్న హోటల్ అని లైన్లో నిలబడి మరీ బిర్యానీ తిన్నాం. పైనంతా తెల్లన్నం, అడుగున ఎక్కడో రెండు ముక్కలు, కారం లేదు, మసాలా లేదు. మా గుంటూరులో చిన్న హోటల్లో ఇంతకన్నా బాగుంటుంది. ఈ హైదరాబాద్ బిర్యానీ గొప్పేంటో చెప్పండి, లేకపోతే ఒప్పేసుకోండి.
– ఒక పాఠకుడు, గుంటూరు

ఒప్పుకోను. ఆ హోటల్ పేరు మీరు రాశారు, నేను వెయ్యను, కానీ సాయంత్రం ఏడింటికి తిన్నామని కూడా మీరే రాశారు కదా, సగం జవాబు అక్కడే ఉంది.

హైదరాబాద్‌ది కచ్చి బిర్యానీ. కూర విడిగా వండి అన్నంలో కలపరు. పచ్చి మాంసాన్నే పెరుగు, మసాలా పట్టించి నానబెట్టి హండీ అడుగున పరుస్తారు, పైన సగం ఉడికిన బాస్మతి, దాని మీద వేయించిన ఉల్లిపాయలు, కుంకుమపువ్వు పాలు, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి దమ్ పెడతారు. మసాలా అంతా కింద, ఆవిరి మాత్రమే పైకి, అందుకే పై అన్నం తెల్లగా ఉంటుంది, అది మోసం కాదండీ, పద్ధతి. వడ్డించేవాడు ప్లేటుని హండీ పక్కగా అడుగుదాకా దించి పైకి తీస్తే తెలుపు, పసుపు, గోధుమరంగు మూడూ ఒకేసారి వస్తాయి. వాడికి విసుగొచ్చి పైపైన తీశాడా, మీకొచ్చిన ప్లేటే వస్తుంది. "భయ్యా, నీచే కా మసాలా డాలో" అనండి చాలు, ఏమీ అనుకోరు, రోజూ వినే మాటే. మధ్యాహ్నం ఒంటిగంటలోపు వెళ్ళండి, అప్పుడు హండీ కొత్తగా తెరిచి ఉంటుంది. మటన్ చెప్పండి, చికెన్ వద్దు. పక్కన ఇచ్చే మిర్చి కా సాలన్‌ని మీలాగే చాలామంది ముట్టుకోకుండా వదిలేస్తారు, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు వేసి చేసేది, ఆ పులుపు అన్నంలో పడితేనే రుచి కుదురుతుంది.

ఇక కారం అంటారా, గుంటూరు నాలుకకి ఈ దేశంలో ఎక్కడా సరిపడా కారం దొరకదు, దానికి మేమేం చెయ్యలేం. రంజాన్ నెలలో రండి, హలీమ్ తిని చూడండి. గోధుమలు, మటన్, నెయ్యి గంటల తరబడి ఉడికించి కర్రలతో దంచి దంచి ముద్ద చేస్తారు, దానికి 2010లోనే జీఐ, అంటే ఇది ఫలానా ఊరి సొంత సరుకు అనే గుర్తింపు వచ్చింది. అది కూడా నచ్చకపోతే అప్పుడు ఒప్పుకునే సంగతి ఆలోచిస్తా.

అమ్మాయి పెళ్ళి ఉంది. ముత్యాలు, గాజులు చార్మినార్ దగ్గరే కొనాలని అందరూ అంటున్నారు. హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా, ముత్యాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మోసపోకుండా ఎలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

మంచి ప్రశ్న. ఇక్కడ పుట్టవు, ఇక్కడికి వస్తాయి. నిజాముల కాలం నుంచి బస్రా ముత్యాలంటే ఇక్కడ మోజు, ఆ మోజు వల్లే ముత్యాన్ని రకాలు తీసేవాళ్ళు, బెజ్జం వేసేవాళ్ళు, గుచ్చేవాళ్ళు ఇక్కడ తయారయ్యారు. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించేవి చైనా నుంచి వచ్చే మంచినీటి ముత్యాలు, పెంచినవే, అయినా అసలు ముత్యాలే, ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి. రెండు ముత్యాల్ని ఒకదానికొకటి మెల్లగా రుద్దండి, సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడితే అసలు, గాజులా జారిపోతే నకిలీ. మంచి దండలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి కూడా ఉంటుంది. ఫుట్‌పాత్ మీద రెండొందలకి దండ అమ్మేవాడు మోసం చేస్తున్నట్టు కాదు, రెండొందలకి ఏమొస్తుందో మనకే తెలిసుండాలి. పెళ్ళికి మాత్రం పత్తర్‌గట్టీలో బిల్లు ఇచ్చే షాపుకే వెళ్ళండి.

గాజులకి లాడ్ బజార్. షాపు మెట్ల పక్కనే చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుని కూర్చునేవాళ్ళు కొందరుంటారు, కొనకపోయినా కాసేపు నిలబడి చూడండి. లక్కని వేడి చేసి మెత్తబడ్డాక పుల్లలా సాగదీసి, గుండ్రంగా వంచి రెండు కొసలూ అతికించేస్తారు, అది చల్లారి గట్టిపడేలోపే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దాలి, చెయ్యి ఎక్కడా ఆగదు. మీ అమ్మాయిని వెంట తీసుకెళ్తే చేతి కొలత చూసి చేసిస్తారు, చీర ముక్క ఇస్తే రంగు కలుపుతారు. 2024లో ఈ లక్క గాజులకీ జీఐ వచ్చింది. బేరం తప్పనిసరి, మొదట చెప్పిన రేటుకి సగం అడగండి, సిగ్గుపడొద్దు, వాళ్ళు పడరు.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గోల్కొండ చూడాలని చానా ఆశ. ఎక్కగలదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

పైదాకా వద్దు తమ్ముడూ, మూడొందలకు పైగా మెట్లు, అవీ ఎత్తువి. కింద ప్రవేశద్వారం గుమ్మటం దగ్గర అమ్మని నిలబెట్టి నువ్వు పైన బాలా హిస్సార్‌కి ఎక్కు, అమ్మ చప్పట్లు కొడితే నీకక్కడ వినిపిస్తుంది, ఆమెకి అదే పెద్ద సంబరం. రామదాసు చెరసాల మాత్రం మెట్లెక్కే చూడాలి, సగం దారిలో ఉంటుంది, మెల్లగా కూర్చుంటూ లేస్తూ అమ్మ తనే పట్టుబట్టి ఎక్కుతానంటే ఆపకు. కుతుబ్‌షాహీ సమాధుల తోట చదునుగా ఉంటుంది, అక్కడ హాయిగా నడుస్తుంది. చార్మినార్ లోపలి మెట్లు ఇరుకు, మెలికలు, అది కింది నుంచే చూపించు. బిర్లా మందిర్‌కి వెళ్తే ఫోన్లు లోపలికి రానివ్వరు, మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం పెట్టుకో.

అడ్రస్ అడిగితే ఎవరూ రోడ్డు పేరు చెప్పరేం? మా బంధువులు "పిల్లర్ నంబర్ చూసుకుంటూ రా" అన్నారు. ఏ పిల్లర్?
– ఒక పాఠకుడు, కడప

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్, దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు, దాని స్తంభాలన్నిటికీ నంబర్లు రాసి ఉంటాయి. అత్తాపూర్ వాళ్ళకి అవే వీధి పేర్లు, పెళ్ళి కార్డుల మీద కూడా వేస్తారు. మెట్రో స్తంభాలకీ నంబర్లున్నాయి కాబట్టి ఫ్లైఓవర్ పిల్లరా, మెట్రో పిల్లరా అని ముందే అడుగు. దారిలో ఎవర్నడిగినా "సీదా పోండి" అంటారు, ఇద్దరు అన్నాక మూడోవాడిని కూడా అడుగు.

ఏ నెలలో రావాలి?
– చాలామంది

నవంబర్ నుంచి ఫిబ్రవరి. జనవరిలో వస్తే నాంపల్లి నుమాయిష్ కూడా కలిసొస్తుంది, 1938 నుంచి జరుగుతున్న ఎగ్జిబిషన్, ఫిబ్రవరి మధ్యదాకా ఉంటుంది, సాయంత్రాలే వెళ్ళండి. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై తర్వాతి ఆదివారాల్లో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజా, చూడాలంటే ప్రత్యేకంగా దానికే రండి. ఏప్రిల్, మే నెలల్లో గోల్కొండ రాళ్ళు కాలిపోతాయి. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు రోడ్లు మూసేస్తారు, బస్సులు మళ్ళిస్తారు, ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడ్డానికే వచ్చేవాళ్ళు సరే, మిగతావాళ్ళు ఆ రోజుకి రిటర్న్ టికెట్టు తీసి ఉంటే ఇప్పుడే మార్చుకోండి, లేదా మెట్రో పట్టుకుని స్టేషన్‌కి మూడు గంటల ముందే చేరిపోండి.