కడప రాతి వంటగట్టుపై పోని తెల్ల మచ్చలు: సమాధానం

కడప రాతి వంటగట్టుపై తెల్ల మచ్చలు ఎంత తోమినా పోవడం లేదని, వంటగది ప్రశాంతంగా కనిపించాలని మీరు రాశారు. ఆ మచ్చలు మురికి కాదు. కడప రాయి, తాండూరు బండ రెండూ సున్నపురాళ్లే కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూము యాసిడ్ తగిలినచోట రాతి పైపొరే కరిగి మెరుపు పోతుంది. మచ్చను తడిపి చూడండి: తడిలో మాయమై, ఆరగానే మళ్లీ తేలితే కారణం ఇదే.

1. యాసిడ్, వెనిగర్ పూర్తిగా మానేసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో మాత్రమే తుడవండి.

2. పాలిష్ పనివారితో గట్టు మొత్తాన్ని సన్నగా నూరించి, అద్దంలా మెరిపించకుండా మ్యాట్‌గా వదిలేయమనండి. మీరు కోరుకున్న ప్రశాంతమైన వంటగదికి, నా దృష్టిలో, అదే తగినది. కొత్త మచ్చలూ అంతగా కనబడవు.

3. నూరాక సీలర్ (రాతిలోకి ఇంకి మరకలు పట్టకుండా ఆపే ద్రవం) పూయాలి, కానీ దానికి ముందు రాయి పూర్తిగా ఆరాలి. చాలామంది వదిలేసేది ఇదే: నూరేటప్పుడు పీల్చుకున్న నీరు సింకు అంచుల్లో, అతుకుల్లో ఉండగానే పూస్తే సీలర్ లోపలికి సరిగా ఇంకదు, పైన పాలిపోయిన పొరలా మిగిలిపోతుంది. పైకి పొడిగా కనిపించినా, పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. ఉదయానికి దాని కింద చెమ్మ చేరితే ఇంకా ఆగాలి.

4. సీలర్ నూనె మరకలను ఆపుతుంది గానీ పులుపును ఆపదు. నిమ్మకాయ కోసేటప్పుడు కింద చెక్కపలక తప్పనిసరి.