హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయిన మూడో రోజే ఫ్లైట్ ఎక్కి ఊరికి రావచ్చా?

మీరు అడిగింది ఇది: ఇస్తాంబుల్‌లో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని, మూడో రోజు దోహా మీదుగా శంషాబాద్‌లో దిగుతారు. వారం తిరక్కుండానే నకిరేకల్‌లో తమ్ముడి పెళ్ళి. పైన గాలి ఒత్తిడికి నాటిన వెంట్రుకలు ఊడిపోతాయా అని భయం.

ఊడవు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి. విమానంలో ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఊటీ ఏడు వేల అడుగుల పైన ఉంది, అక్కడికి పోయినవాళ్ళెవరి జుట్టూ గాల్లోకి లేవలేదు కదా. నేను దోహాలో పని చేస్తాను. నాకూ సెలవు ఒక్కసారే దొరుకుతుంది, ఆ ఒక్క సెలవులోనే ట్రాన్స్‌ప్లాంటూ కావాలి, పెళ్ళిళ్ళూ కావాలి, అమ్మ చేతి తిండీ కావాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళందరిదీ ఇదే లెక్క. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లోనే నేనూ ఇంటికి వచ్చాను. నాకు తెలిసి అసలు గండం విమానంలో లేదు, దిగాక మనవాళ్ళ చేతుల్లో ఉంది.

2006లో బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. మొదటి రెండు రోజుల్లో నాటిన వెంట్రుకను పట్టి లాగితే గ్రాఫ్ట్, అంటే వేరుతో సహా నాటిన ఆ మొలక, తప్పకుండా ఊడి వచ్చింది. ఐదో రోజు దాకా కూడా, ఎండి అంటుకున్న పొక్కును పీకితే దాంతోపాటే వచ్చేసింది. తొమ్మిదో రోజుకు మాత్రం గట్టిపడింది, ఇక లాగినా రాలేదు. అంటే మీరు మూడో రోజు ఇంట్లో అడుగుపెడుతున్నారంటే, తల మీద చెయ్యి పడకూడని రోజులన్నీ చుట్టాల మధ్యే గడుపుతారన్నమాట.

ఇంకోటి వాపు. తలలోకి ఎక్కించిన మత్తుమందు, సెలైన్ నీళ్ళు మెల్లగా కిందికి దిగుతాయి. ముందు నుదురు ఉబ్బుతుంది, తర్వాత కనురెప్పలు. మూడు, నాలుగు రోజులప్పుడు బాగా ఎక్కువగా ఉంటుంది. నాకు సరిగ్గా ఇంటి గడప తొక్కే పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. ముక్కు దూలం కూడా ఉబ్బి, కళ్ళజోడు నిలబడక జారిపోతోంది. ఇది మామూలే, దానంతటదే తగ్గుతుంది.

కానీ మా పెద్దమ్మకు అది మామూలు ఎందుకవుతుంది? మాది నల్గొండ పక్కన పల్లె. కారు ఆగేసరికే వాకిట్లో ఉంది.

"ఏం బిడ్డా, మొహం గట్ల ఉబ్బిందేంది? తేనెటీగలు గిట్ల కుట్టినయా?" అంటూనే నా టోపీ తీసేసింది. తల వెనక నుంచి ఒక్కో కుదురు విడిగా తీసి నాటే ఎఫ్‌యూఈ పద్ధతిలో చాలామందికి ముందు తల మొత్తం గొరుగుతారు, నాకూ అంతే. గుండు, దాని మీద ఎర్రటి చుక్కలు చుక్కలుగా పొక్కులు. "గుండెప్పుడు చేయించినవ్ రా? ఏ గుట్టకు పొయ్యొచ్చినవ్?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "చెర్వుగట్టుకు మొక్కుండె అక్కా. నార్కట్‌పల్లి నుంచి వచ్చే దారే గదా, దిగి ఇచ్చొచ్చిండు."

చెరువుగట్టు మీది దేవుడు జడల రామలింగేశ్వరుడి పేరు మీద అబద్ధం. అమ్మకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. పెద్దమ్మ రెండు చేతులూ జోడించి, మళ్ళీ నా తల దగ్గరికి వంగి చూసింది. "గుండు గీసినాయన గిన్ని గాట్లు పెట్టిండేంది? ఆగు" అని లోపలికి పోయి, స్టీలు గిన్నెలో కొబ్బరినూనె వేడి చేసి పసుపు కలిపి తెచ్చింది. నూనె ఇంకా వెచ్చగానే ఉంది. నాలుగు వేళ్ళు అందులో ముంచింది కూడా.

నేను వెనక్కి నడుస్తూ నడుస్తూ బర్రెల కొట్టం దాకా పోయాను. అమ్మ మధ్యలో నిలబడి, "తొమ్మిది దినాలు తల ముట్టద్దట అక్కా, మొక్కు అట్ల ఉంది" అంది. ఆ తొమ్మిది నేను కారులో చెప్పిన లెక్కే. పెద్దమ్మ గిన్నె దించింది కానీ ఊరుకోలేదు. "మరి ప్రసాదమేదే?" అంది.

మా తమ్ముడు బండి తీసుకుని చెరువుగట్టుకు పోయి ప్రసాదం తెచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ మొక్కు కబురు ఊరంతా పాకింది, నాకు అంతకన్నా మంచి కాపలా లేదు. ఆ సెలవులో పోయిన పెళ్ళిలో ఒక్క ముసలమ్మ కూడా నా తల మీద చెయ్యి పెట్టలేదు.

మీరూ ఏదో ఒక మొక్కు చూసుకోండి. నిజం చెబితే అర్థం చేసుకుంటారని అనుకోకండి. "ట్రాన్స్‌ప్లాంట్" అన్నారంటే "ఎంతైంది? రెండు లక్షలా? ఆ పైసలతో బోరు పడేది గదా" అని మొదలుపెడతారు. తర్వాత నీళ్ళ మీదికి పోతారు. నల్గొండోడికి జుట్టు ఊడితే చాలు, ఫ్లోరైడ్ నీళ్ళు అంటారు. ఫ్లోరైడ్ పళ్ళను పాడు చేస్తుంది, ఎముకలను వంచేస్తుంది, మర్రిగూడ వైపు పోతే దాని దెబ్బ ఎంతో కళ్ళారా కనిపిస్తుంది. ముందు నుంచి పలచబడుతూ పోయే బట్టతల మాత్రం వంశంలోంచి వచ్చేదే. మా నాన్నది చూసి నాది ముందే చెప్పొచ్చు.

సరే, విమానం సంగతి. కూర్చుని ప్రయాణం చేయడం నిజానికి మంచిదే. మొదటి వారం ఎలాగూ తల ఎత్తుగా పెట్టుకునే పడుకోమంటారు. వెనక వెంట్రుకలు తీసిన చోటు సీటుకు రాసుకోకుండా మెడకు పెట్టుకునే గుండ్రటి దిండు తెచ్చుకోండి. లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది, క్లినిక్ వాళ్ళిచ్చిన సెలైన్ స్ప్రే చేతి బ్యాగులోనే ఉండాలి. సీసా వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు, చిన్నది తీసుకోండి, డాక్టర్ చీటీ పక్కన పెట్టుకోండి. అక్కడ టోపీ తీయమంటారు, మీరే మెల్లగా తీయండి, వాళ్ళ చేతికి అవకాశం ఇవ్వకండి. బరువు ఎత్తకండి. వెనక కుట్లు వేసే ఎఫ్‌యూటీ అయితే ఇంకా జాగ్రత్త, కుట్లు విప్పడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, నల్గొండలో ఎవరు విప్పుతారో ముందే మాట్లాడుకోండి.

సీటు కిటికీ పక్కదే తీసుకోండి. నడవ పక్కన కూర్చోమని చెప్పేవాళ్ళు గల్ఫ్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కి ఉండరు. చక్రాలు నేలను తాకగానే సగం మంది లేచి నిలబడి, నిడో పాలపొడి డబ్బాలూ తాడు కట్టిన అట్టపెట్టెలూ పై నుంచి లాగుతారు. బెల్టు దీపం ఆరకముందే ఆ తొందరేందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దిగినా సామాను బెల్టు దగ్గర అందరూ కలిసే నిలబడాలి. అందరూ దిగేదాకా కూర్చోండి, లేచేటప్పుడు పైనున్న సామాన్ల పెట్టెకు తల తగలకుండా చూసుకోండి. కారు ఎక్కేటప్పుడూ అంతే, డోరు పైఅంచు నెత్తికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది.

మీది తమ్ముడి పెళ్ళి కాబట్టి పక్కకు తప్పుకోలేరు. అక్షింతలు వేసేటప్పుడు జంట వెనక నిలబడితే సగం మీ నెత్తి మీదే పడతాయి, మండపం పక్కకు జరగండి. బియ్యం గింజకు గ్రాఫ్ట్ ఊడదు కానీ పసుపు బియ్యం పొక్కుల్లో ఇరుక్కుంటే గోకాలనిపిస్తుంది. ఎండలో బరాత్ ముందు డ్యాన్సులు వద్దు. హెల్మెట్ పెట్టకూడదు కాబట్టి బండి కూడా వద్దు, ఎవరినైనా కారులో తీసుకుపొమ్మనండి. చీము, జ్వరం, తగ్గని నొప్పి వస్తే చర్మం డాక్టర్‌కు చూపించాలి, పసుపు నూనె గిన్నె దగ్గరికి మాత్రం పోవద్దు.

రెండో వారం దాటాక నాటిన వెంట్రుకలు రాలడం మొదలవుతుంది, అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడవకండి. వేర్లు లోపలే ఉంటాయి, మూడు నాలుగు నెలలకు మళ్ళీ మొలుస్తాయి, పూర్తిగా కనిపించడానికి ఏడాది. ఈలోగా పెళ్ళి ఫొటోల్లో మీరు గుండుతోనే ఉంటారు, ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆల్బమ్‌లో తనే జుట్టు అతికిస్తాడు.