ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి

ప్రశ్న: మేం నలుగురు స్నేహితురాళ్లం, డిగ్రీ హిస్టరీ చదువుతున్నాం. మా మండలంలో ఉన్న లైబ్రరీలు, గుళ్లలోనూ ఇళ్లలోనూ ఉన్న పాత పుస్తకాలు, కాగితాలు, విగ్రహాలు అన్నీ ఈ సెలవుల్లో ఒక పుస్తకంలోకి ఎక్కించాలని అనుకున్నాం. మొదటి ఊళ్లోనే లైబ్రరీ ఆయన "ఏం కావాలమ్మా?" అంటే మాకు మాట రాలేదు. ఏం అడగాలి సార్? దీనికి ఫారం ఏదైనా ఉంటుందా?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: అమ్మా, ఫారం సంగతి తర్వాత చూద్దాం. ముప్పై ఏళ్లకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి, రిటైరయ్యాక మీరు అనుకుంటున్న పనే నేనూ ఊరూరా తిరిగి చేశాను. "ఇక్కడ ఏమున్నాయండీ" అని మొదలుపెడితే "ఏవో పాత పుస్తకాలు" అన్న జవాబే వస్తుంది. "ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?" అని అడగండి. తాళంచెవి ఉన్న మనిషికే ఆ గది కథంతా తెలుస్తుంది.

ఒక ఊరి పఠన మందిరంలో మూడు బీరువాలుండేవి. మూడోది తెరిచి ఎన్నేళ్లయిందో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి బడిలో అటెండరుగా చేసి మానేసిన పెద్దాయన ఇంట్లో, దేవుడి గూట్లో ఉంది తాళంచెవి. ఆయనే వచ్చి తాళంలో నాలుగు చుక్కల కొబ్బరినూనె పోసి, కాసేపు ఆగి తిప్పారు. కింది అర మొత్తం చెదపుట్ట. పై అరలో బైండు చేసిన పత్రికలు, వాటి మీద యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి వచ్చిన పుస్తకాలను వరుస నంబర్లతో ఎక్కించే చిట్టా. దాని చివరి పేజీలో ఎర్ర సిరాతో "తుపానులో తడిసినవి, తీసివేయడమైనది" అని రాసి, కింద వరుసగా పుస్తకాల పేర్లు. ఆ ఊరు ఏం చదివేదో, ఏం పోగొట్టుకుందో ఆ పేజీలోనే తెలిసింది. ఏ ఫారంలోనూ అలాంటి గడి ఉండదు. అందుకే ఉన్నవాటితో పాటు పోయినవాటి గురించి కూడా అడిగి రాయండి.

ఇక రాయాల్సినవి. గది ఎవరిది, పైకప్పు ఎక్కడ కారుతోంది, ఏ గోడ చెమ్మగా ఉంది, రామబాణం పురుగులున్నాయా చెదలున్నాయా, జాబితా ఉందా, ఉంటే ఏ సంవత్సరం దాకా రాశారు. పుస్తకాలు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే సెలవులు అయిపోతాయి. ఒక అడుగు అరలో ఎన్ని పట్టాయో లెక్కపెట్టి, మొత్తం ఎన్ని అడుగులుందో టేపుతో కొలిచి హెచ్చవేయండి, సర్వేకి ఆ లెక్క చాలు. కళ్లతో చూసింది ఒక పేజీలో, విన్నది ఎదుటి పేజీలో రాయండి. "వెయ్యేళ్ల నాటిది" అని ఎవరైనా అంటే అది రెండో పేజీలోకే వెళ్లాలి. పెన్ను వద్దు, పెన్సిలే వాడండి. పాత కాగితం మీద సిరా చుక్క పడితే ఇక పోదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏదీ ఇంటికి తెచ్చుకోవద్దు, జిరాక్సు తీసి ఇచ్చేస్తామని కూడా అనొద్దు. నేను వెళ్లిన ఒక ఇంట్లో గుమ్మంలోనే ఆపేశారు. ఎన్నో ఏళ్ల క్రితం ఎవరో వచ్చి, పరిశోధనకని వాళ్ల తాతగారి తాటాకు కట్ట పట్టుకెళ్లారట. రసీదు లేదు, కట్ట తిరిగి రాలేదు. నేను అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగి వచ్చేశాను. వాళ్లని తప్పుపట్టలేను. అలాంటి ఇల్లు మీకూ తగులుతుంది, అప్పుడు బలవంతపెట్టకండి. ఒప్పుకున్న చోట ఫొటో తీసుకోండి. పక్కన ఒక స్కేలు, నంబరు రాసిన చీటీ పెట్టి తీస్తే తర్వాత ఏది ఏదో తికమక ఉండదు.

మన ప్రాంతానికి ఈ పని కొత్తదేం కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బళ్లో పంతులుగా ఉంటూనే పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు, గంగరాజుల పాత రాజధాని కళింగనగరం అదేనని చూపించారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. అక్కడి మ్యూజియం మీకు దగ్గరే, వెళ్లి తారా, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాల దగ్గర పెట్టిన పలకల మీద ఏం రాశారో, ఏం రాయలేదో చూసుకుని రండి. శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం కూడా చూడండి. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. తెలుగు కథ వరకే అని ఆయన గిరి గీసుకున్నారు కాబట్టే అంత లోతుకి వెళ్లగలిగారు. మీరు కూడా ఒక్క మండలానికే కట్టుబడండి, పక్క మండలం ఎంత ఊరించినా సరే.

ప్రశ్న: మా ముత్తాతగారి ఇనాం భూమి గురించి 1880ల నాటి కాగితాల కోసం శ్రీకాకుళంలో అడిగితే "అప్పటివి ఇక్కడ ఉండవు" అన్నారు. మరి ఎక్కడుంటాయి?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: బాబూ, వాళ్లు తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదది. అప్పటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు. మీ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం అటు పోయి, మీ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. ఊరు కదలకపోయినా దాని దస్త్రాలు మూడు రాష్ట్రాలకు చెదిరిపోయాయి. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గంజాం పేరు మీద వెతకండి, ఇనాం కమిషన్ రిజిస్టర్లు అడగండి. పాత ఇంగ్లిషు కాగితాల్లో శ్రీకాకుళం అని ఉండదు, చికాకోల్ అని ఉంటుంది. ఆ పేరు తెలియక వెనక్కి వచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను. పార్వతీపురం వాళ్లకైతే ఇంకా చిక్కు: 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో మన్యం జిల్లా. జిల్లా మారిన ప్రతిసారీ ఏ కట్టలు ఏ ఆఫీసుకి వెళ్లాయో ఎవరైనా కూర్చుని ఒక జాబితా రాస్తే ఎంత మేలో! పై ప్రశ్న అడిగిన అమ్మాయిలు ఇది చదువుతారనే నా ఆశ.

ప్రశ్న: మా నాన్నమ్మ భోషాణంలో తాటాకు కట్టలు మూడు దొరికాయి. ఎండలో పెట్టి తుడవమని ఒకరు, మ్యూజియానికి ఇచ్చేయమని ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ఎండ వద్దమ్మా, నీళ్లు అసలే వద్దు. ఆకులు అతుక్కుని ఉంటే విడదీయకండి, పెళుసుగా విరిగిపోతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో పైదుమ్ము దులిపి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెట్టొద్దు. కలరా ఉండలు ఆకులకు తగలకూడదు. నిమ్మగడ్డి నూనె రాయడం, అక్షరాలు కనపడటానికి మసి పూయడం చేయి తిరిగినవాళ్ల పని, మీరు చేయకండి. ఇచ్చెయ్యాలా అంటే, తొందరేమీ లేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో తాళపత్రాలున్నాయి, ముందు అక్కడికి వెళ్లి మాట్లాడండి. ఎప్పుడు ఇచ్చినా ఆకులు లెక్కపెట్టి, ఆ లెక్క వేసిన రసీదు తీసుకోండి. దేశవ్యాప్తంగా కోటికి పైగా రాతప్రతులను సర్వే చేస్తామని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. కట్టలు మీ ఇంట్లోనే ఉన్నా వివరాలు అందులోకి ఎక్కితే మంచిది.

ఒక్క సాయం చేయండి. కట్ట విప్పకుండా, చివరి ఆకు కనిపిస్తే దాన్ని ఫొటో తీసి పంపండి. రాసినవాళ్లు చాలాసార్లు తమ పేరు, సంవత్సరం పేరు, తిథి అక్కడే రాసిపెడతారు. చదవగలిగినవాళ్లకి చూపించి, ఏమని ఉందో మీకు ఉత్తరం రాస్తాను.