స్కోపస్ చందా లేకుండా సైకియాట్రీ పరిశోధనల ధోరణులు తేల్చవచ్చా?

కడపలో పీజీ చేస్తున్న మీరు, గత ఇరవై ఏళ్లలో మన దేశంలో సైకియాట్రీ పరిశోధన ఎటు సాగిందో పేపర్ల లెక్కతో తేల్చాలనుకుంటున్నారు. పరిశోధన పత్రాల వివరాలుండే స్కోపస్ డేటాబేస్‌కు చందా కట్టకుండా అయ్యే పనేనా అని అడిగారు. నిక్షేపంగా అవుతుంది. అనంతపురంలో ఓపీ ముగిశాక సాయంత్రాలు కూర్చుని నేను ఈ పని చేసింది వైద్య పేపర్లను ఉచితంగా వెతికే పబ్‌మెడ్‌తోనే. పేపర్ల మధ్య సంబంధాలు చూపే పటాలు గీయడానికి లైడెన్ విశ్వవిద్యాలయం వారి వాస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్క పరిమితి ముందే తెలుసుకోండి: పబ్‌మెడ్ ఫైలుతో ఎవరు ఎవరిని ఉదహరించారన్న పటం రాదు. ఏ అంశాలు జంటగా వస్తున్నాయో, ఎవరెవరు కలిసి రాస్తున్నారో తెలుస్తుంది. మీ ప్రశ్నకు అది చాలు.

సాఫ్ట్‌వేర్ పని ఒక పూటలో అయిపోతుంది. నడుము విరిగేది రికార్డులు శుభ్రం చేసేటప్పుడే. మీ ఊరినే తీసుకోండి. ఎక్సెల్ షీటులో రచయితల చిరునామాల వరస తెరిస్తే కడప ఒకచోట ఇప్పటి స్పెల్లింగుతో, మరోచోట ఆంగ్లేయుల నాటి స్పెల్లింగుతో, ఇంకోచోట వై.ఎస్.ఆర్. జిల్లాగా కనిపిస్తుంది. కంప్యూటర్‌కు అవి మూడు ఊళ్లు. రాష్ట్రం పేరుతో ఇంకా ప్రమాదం. 2014 వరకు హైదరాబాదు పేపర్లు ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడ్డాయి, ఆ తర్వాత తెలంగాణ ఖాతాకు వెళ్లాయి. అది సరిచేయకుండా గ్రాఫు గీస్తే ఇక్కడి పరిశోధన ఉన్నట్టుండి కుప్పకూలినట్టు చూపిస్తుంది. అందుకే ఊరి పేరు పట్టుకుని లెక్కించండి.

జబ్బుల పేర్లదీ ఇదే గొడవ. 2013లో డీఎస్‌ఎమ్-5 (మానసిక జబ్బులను వర్గీకరించే అమెరికా పుస్తకం) ఆస్పర్జర్స్ సిండ్రోమ్‌ను ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. ఆ తర్వాత ఆ పేరుతో పేపర్లు తగ్గితే, ఆసక్తి తగ్గిందని రాసేయకండి. ఏ పేరును దేనిలో కలపాలో వాస్‌వ్యూయర్‌కు ఒక థిసారస్ ఫైలులో చెప్పవచ్చు. ఆ జాబితా మీ గైడుతో కలిసి కూర్చుని తయారు చేయండి. రోగులను చూసినవారే తేల్చాల్సిన విషయం అది.

గ్రాఫులో ఏటా వచ్చిన మొత్తం పేపర్లలో ఆ అంశం వాటా ఎంతో చూపండి. పబ్‌మెడ్ ఏటికేడు పెరుగుతూనే ఉంది కనుక, ఉత్త సంఖ్యలు చూస్తే ప్రతి అంశమూ ఎదుగుతున్నట్టే ఉంటుంది. కోవిడ్ పేపర్లు వెల్లువెత్తిన 2020, 2021లను విడిగా చూడండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది పటంలో ఖాళీగా మిగిలిన చోటు. పేపర్లు దండిగా ఉన్నంత మాత్రాన రోగులూ అక్కడే ఉన్నారనుకోలేం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో మన రాష్ట్రం లేదు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వేలో తేలింది. వేరుశనగ ఎండిపోయి, అప్పు మీదపడి, పురుగుమందు తాగి బతికి బయటపడిన రైతు మా ఓపీలో ఎదురుగా కూర్చుంటాడు. ఆయన గురించి, ఆయన భార్య నిద్ర లేని రాత్రుల గురించి మన సీమ నుంచి వచ్చిన పేపర్లు నాకు పబ్‌మెడ్‌లో బహు కొద్దిగా దొరికాయి. అలాంటివి మీకు దొరికితే లెక్కపెట్టి వదిలేయకుండా మొదటి నుంచి చివరిదాకా చదవండి. పబ్‌మెడ్‌కు ఎక్కని పత్రికల కోసం గూగుల్ స్కాలర్‌లో వెతకండి, కళాశాల లైబ్రరీలో పాత థీసిస్‌లు తిరగేయండి. దొరికినవి వేరే పట్టికగా జతచేయండి.

వెతికిన తేదీ, వాడిన సెర్చ్ స్ట్రింగు (వెతుకు పెట్టెలో టైపు చేసిన పదాల వరస) మొదటి రోజే రాసిపెట్టుకోండి. పబ్‌మెడ్‌లో రోజూ కొత్తవి చేరుతుంటాయి, వారం తిరిగేసరికి అంకె మారిపోతుంది. స్ట్రింగు తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.